గంగకు ఇంత జాగ

మా ఇంట్లోకి ఒకసారి ఒక పిల్లి దూరింది. బయటికి దారి దొరికేసరికి దానికి మనుమలు పుట్టారు. ఇది నేను చెప్పే మాట. గంగనడిగితే అసలు పిల్లే రాలేదంటుంది, వచ్చినా దూరడానికి సందెక్కడుందని ఎదురడుగుతుంది. మా కాపురమంతా ఇట్లాగే సాగింది. నేను ఒకటి చెప్పాలి, ఆమె దాన్ని కోసి సగం చేయాలి. ఊళ్లోవాళ్లు ఆ సగాన్ని నమ్మేవాళ్లు.

కోసేవాళ్లు లేని ఎండాకాలం ఒకటి వచ్చింది. ఆ సంగతే ఇది.

లాల్‌గడి మలక్‌పేటలో మా ఇల్లు. నేను బోరు మోటర్ల మెకానిక్కుని. చుట్టుపక్కల ఏ పొలంలో మోటరు కాలినా నా దగ్గరికే వచ్చేది. వైండింగు చేసి, బేరింగులు మార్చి, మీద తెల్ల పెయింటుతో రైతు పేరు రాసి గోడకు ఆనించేవాణ్ణి. వాళ్లు ఎడ్లబండి మీదో ట్రాక్టరు మీదో తీసుకుపోయేవాళ్లు. తర్వాత తర్వాత పొలాలు ప్లాట్లయ్యాయి. హద్దురాళ్లు పాతారు, కమాన్లు కట్టారు. నా దగ్గర మోటర్లు బాగయ్యాయి గాని వాటికోసం రావాల్సినవాళ్లు రాలేదు. పరాయి సొమ్ము. పారేయలేను, అమ్ముకోలేను. వాటికి తోడు స్టార్టరు డబ్బాలు, పైపు ముక్కలు, కేబులు చుట్టలు, ఎవరో ఎప్పుడో అడుగుతారని దాచిన బోల్టులు. 'పనికొస్తది' అన్న ఒక్క మాట మీద ముందుగది నిండింది. అదే మాట మీద నడిమిగది నిండింది. నేనూ గంగా జరిగి జరిగి వంటింట్లో పడ్డాం.

మా చర్చిలో ఆడవాళ్ల ప్రార్థన వారానికొక ఇంట్లో జరుగుతుంది. చాపలు పరిచి, పాటలు పాడి, ప్రార్థన చేసుకుని, చివర్న చాయ తాగి పోతారు. వంతు తిరిగి తిరిగి మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంకతో పక్కింటికి దాటేది. ఆ యేడు ఈస్టరు పోయిన వారం గంగ చర్చిలో లేచి నిలబడి, "ఈసారి మా ఇంట్లనే" అని చెప్పింది. ఇంటికొచ్చి నాకు చెప్పింది.

"ముందటర్ర ఖాళీ చెయ్యి. ఎక్కువద్దు, రెండు చాపలు పట్టేటంత."

"చేస్త" అన్నాను. చేస్తాననడంలో నా అంత చురుకైనవాడు ఈ మండలంలో లేడు.

ఆ రోజు రానే వచ్చింది. ఆడవాళ్లు బైబిళ్లు చంకన పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి లోపలికి తొంగిచూశారు. మోటర్లు వాళ్లను చూశాయి. గంగ చాపలు తెచ్చి గల్లీలో గోడ నీడకు పరిచింది. ఎదురింటి సుచిత్ర తన ఇంట్లో చాప కూడా తెచ్చి ఇచ్చింది. పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారంటాం, చెమట తుడుచుకుంటూ, "లోపల కూసుందమనుకున్నం గద గంగమ్మా" అంది. మంచి మనిషి, ఎత్తిపొడవాలని కాదు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఊరుకుంటే నా సొమ్మేం పోయేది.

"అమ్మగారూ, యేసయ్యకే సత్రంల జాగ దొరకలే. ఇగ మీకెట్ల దొరుకుతది?"

గల్లీ గల్లీ నవ్వింది. అమ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గంగ చాయ గ్లాసులు పళ్లెంలో సర్దుతూ తల ఎత్తలేదు. అందరూ పోయాక, చాపలు దులిపి చుడుతూ అంది.

"యేసయ్య ఒక్క రాత్రే ఉన్నడు. నేను పెండ్లైన కాణ్ణుంచి ఉంటున్న."

తెల్లారి సంచి సర్దుకుంది. కీసరలో మా బిడ్డ రెబెక్కా ఇంటికి పోతున్నానంది.

"మళ్ల ఎప్పుడొస్తవు?"

"గీ ఇంట్ల నేను కూసునేటంత జాగ అయినంక చెప్పు."

"నువ్వుండేదే పిడికెడు. నీకెంత జాగ గావాలె?"

"ఆ పిడికెడే చూపియ్యి."

నేను ఇటు చూశాను, అటు చూశాను. ఆమె సంచి భుజానికి తగిలించుకుని నేను చూడటం అయిపోయేదాకా నిలబడింది. తర్వాత బస్సుకు పోయింది.

మొదటి వారం నాకు హాయిగానే ఉందని చెప్పుకు తిరిగాను. పొద్దున్నే రెండు గ్లాసుల చాయ పెట్టి, రెండూ నేనే తాగి, గంగ పోయిన నష్టం కన్నా చాయ లాభమే ఎక్కువని గల్లీలో అందరికీ చెప్పాను. పిల్లి కథ చెప్పాను. షామీర్‌పేట చెరువులో నాకు దొరికిన చేప తన పిల్లల పేర్లు చెప్పి ఏడిస్తే వదిలేసిన కథ చెప్పాను. విన్నవాళ్లు అవునా అన్నారు. నిజమే తాతా అన్నారు. ఒకాయన అయితే ఆ చేప ఎంత ఉందని కూడా అడిగాడు. ఇంత పొడుగని చేతులు చాపాను. ఆ చేతులు పట్టుకుని దగ్గరికి జరిపేవాళ్లు లేక అట్లాగే చాపుకుని కాసేపు నిలబడ్డాను.

పొద్దున్నే కీసరకు ఫోన్ చేసేవాణ్ణి. రెబెక్కా ఎత్తేది.

"అమ్మకియ్యి బిడ్డా."

"అమ్మ కోళ్లకు నూకలేస్తాంది నాయిన."

మరునాడు చేస్తే, "అమ్మ తానం చేస్తాంది."

ఆ మరునాడు, "ఇప్పటిదాక ఈడనే ఉండె. నీ ఫోనని చూసి పండుకున్నది."

"పొద్దుగాల పండుకునుడేంది?"

"నువ్వే అడుగు నాయిన. నన్ను నడుమల ఏస్తరేంది ఇద్దరు?"

ఎదురింటి సుచిత్ర గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో పనిచేస్తుంది. ఆన్‌లైన్లో కొన్న సామాను డబ్బాల్లో కట్టి పంపే పని. పొద్దున బండెక్కేముందు వాకిలి ఊడ్చుకుంటూ నన్ను చూసి ఆగింది. మా గంగంటే ఆ పిల్లకు ప్రాణం. అవ్వా అవ్వా అంటూ తిరిగేది.

"తాతా, అవ్వ ఎప్పుడొస్తది?"

"ఇల్లు సదిరినంక."

"ఎప్పుడు సదురుతవు?"

"అదే చూస్తున్న. ఏడికెల్లి మొదలుపెట్టాల్నో తెల్వక మస్తు పరేషాన్ ఉన్న."

ఆమె చీపురు గోడకు పెట్టి లోపలికొచ్చింది. కొంగు బిగించి, మోటర్ల నడుమ పక్కకు తిరిగి నడుస్తూ అంతా చూసింది.

"ఇల్లంత ఒక్కసారి సదరాలంటే దేవుడు దిగిరావాలె. రోజుకొక మూల పట్టు, సాలు. ఒక సామాను చేతిలకు తీసుకున్నవనుకో, అది ఉండే జాగేదో నోటితోని చెప్పాలె. చెప్పరాకపోతే అది ఇంట్ల ఉండొద్దు. మా గోదాంల గట్లనే చేస్తరు."

"మరి నన్నెవరన్న చేతిలకు తీసుకుంటే ఏం జెప్తరు?"

"అందుకే జల్దీ సదురు. ఇంకొకటి తాతా. పొద్దున లేవంగనే అద్దంల మొకం చూసుకొని ఒక మంచిమాట అనుకోవాలె. ఇయ్యాల మంచిగైతదని. నేను రోజు అనుకుంట. ఫోన్ల ఒకామె చెప్పింది."

"అనుకుంటె అయితదా?"

"అయినరోజు అయితది. కానిరోజు మొకమన్న కడుక్కున్నట్టయితది."

"మా ఇంట్ల అద్దం లేదు బిడ్డా."

"ఎందుకు లేదు? స్టార్టర్ డబ్బాల ఎనుక ఉన్నదని అవ్వనే చెప్పింది."

మంచిమాటతోనే మొదలుపెడదామని ఆ మరునాడు ఫోన్ చేసి, "రెబెక్కా, ఇయ్యాల ఎండ మంచిగ కాస్తాంది" అన్నాను. "నాయిన, ఈడ పక్కింట్ల ముసలాయన ఎండదెబ్బకు దవాఖానల పడ్డడు" అంది. మంచిమాటలకు కూడా చేయి తిరగాలి. నాకు తిరిగింది ఎగతాళి ఒక్కటే.

మొదట పట్టిన మూల ఆ స్టార్టరు డబ్బాలదే. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకోవడం, దీని జాగేది అని నన్ను నేనే అడగడం. మొదటి డబ్బాకు జవాబు లేదు. రెండోదానికీ లేదు. మధ్యాహ్నానికి వాకిట్లో గుట్ట పడింది. చివరి వరస తీస్తే వెనక గోడకు అద్దం కనిపించింది. దుమ్ము తుడిచాను. మొకం కనిపించలేదు, నా చొక్కా గుండీలు కనిపించాయి. గంగ పొట్టిది. అద్దం ఆమె ఎత్తుకు కొట్టిన మేకుకు ఉంది. దాని కింద చిన్న గూడు, గూట్లో దువ్వెన. దువ్వెన పళ్లలో ఇంకా నల్లగా ఉన్న వెంట్రుకలు రెండు మూడు చుట్టుకుని ఉన్నాయి.

ఇప్పుడు ఆమె తల ముగ్గుబుట్ట. అంటే తల నెరిసిన కాలమంతా ఆమె అద్దం లేకుండానే పెరట్లో నిలబడి, చేత్తో తడుముకుంటూ పాపిట తీసుకుంది. ఏనాడూ వంకర పోలేదు. నేనే ఏనాడూ అడగలేదు.

మోకాళ్లు వంచి అద్దంలో చూసుకుని, "ఇయ్యాల మంచిగైతది" అన్నాను. అద్దంలో ముసలాయన నమ్మలేదు.

సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాను. "బిడ్డా, అమ్మకు ఒక్క మాట చెప్పు. అద్దం దొరికింది."

అటువైపు గిన్నె కింద పెట్టినట్టు వినిపించింది. తర్వాత గంగ గొంతు.

"పగిలిందా?"

"లేదు."

"ఊఁ" అంది. ఫోన్ మళ్లీ రెబెక్కా చేతికి పోయింది. నేను ఆ ఊఁ పట్టుకుని పెరట్లోకి పోయి కూర్చున్నాను.

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. రోజూ ఒక మూల. మేకులు ఒక డబ్బాలో, పానాలు ఒక మేకుకు, కత్తెర ఇక్కడ, సూదిదారం ఇక్కడ. వాడిన వస్తువును వాడిన చోట వదిలేసే చేయిని రెండో చేత్తో కొట్టుకునేవాణ్ణి. రాత్రి గ్లాసు కడగకుండా పడుకుంటే గంగ ముక్కు చీదినట్టు అనిపించి లేచి కడిగేవాణ్ణి. పొద్దున్నే మోకాళ్లు వంచి అద్దానికి మంచిమాట చెప్పేవాణ్ణి. మొదట్లో ఎగతాళికి చెప్పాను. పోను పోను చెప్పకపోతే చాయ దిగేది కాదు.

ఒకరోజు మైకు పెట్టుకుని ఆటో వచ్చింది. "పాత ఇనుప సామాన్లకు, పగిలిన ప్లాస్టిక్ సామాన్లకు ఉల్లిగడ్డలు" అని గల్లీ అదిరిపోయేట్టు అరుస్తోంది. దేవుడే పంపాడనుకున్నాను. పరాయివాళ్ల మోటర్లు వదిలి నా సొంత ఇనుమంతా వేశాను. పైపు ముక్కలు, విరిగిన స్టార్టర్లు, బోల్టులు. తూకం వేసేవాడికి చేతులు పడిపోయాయి. వాడి ఆటోలో ఉల్లిగడ్డలు అయిపోతే కర్నూలుకు ఫోన్ చేసి లారీ తెప్పించాడంటాను నేను. గంగ ఉంటే ఇంకో ఆటో అనేది.

సుచిత్ర డ్యూటీ దిగి వచ్చేసరికి నేను ముందుగదిలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాను. ఇనుము మాయమైంది. దాని చోట మోకాలెత్తు ఉల్లిగడ్డ గుట్ట.

"తాతా, ఇదేంది?"

"ఉల్లిగడ్డ."

"కనవడుతాంది. ఇనుము ఇచ్చి గివి నింపినవా?"

"పనికొస్తయి" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మాట నా చెవిలోనే పడింది.

ఆమె ఒక ఉల్లిగడ్డ తీసి నా చేతిలో పెట్టింది. "దీని జాగేదో చెప్పు."

నేను గదిలో నాలుగు దిక్కులూ చూసి గుట్ట వైపే వేలు చూపించాను.

"అది అవ్వ కూసునే జాగ" అంది. అని, పెద్దవాణ్ణి ఎగతాళి చేస్తున్నానేమోనని భయపడిందేమో, నా మొకం చూసింది. చూసి నవ్వాపుకోలేక ఆ గుట్ట మీదే కూలబడింది.

ఫోన్‌లో రెబెక్కాకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె ఫోన్ పక్కకు పెట్టి, "అమ్మా, నాయిన ఇల్లంత ఉల్లిగడ్డలు నింపిండట" అని కేకేసింది. దూరంగా గంగ, "నిజమా, కథనా?" అంది.

"నిజమేనా అని అడుగుతాంది నాయిన."

"సుచిత్రను అడగమను."

అప్పుడు వినిపించింది. మొదట చిన్నగా, ముక్కులో. తర్వాత పెద్దగా. గంగ నవ్వితే చివర్న దగ్గు వస్తుంది, ఆ దగ్గు కూడా వచ్చింది. నేను ఫోన్ చెవికి అదిమి పెట్టుకున్నాను, ఊపిరి కూడా తీయలేదు. నా చప్పుడు లేకపోయేసరికి లైన్ పోయిందనుకుని రెబెక్కా కట్ చేసింది. మళ్లీ చేస్తే నవ్వు ఉండదని తెలుసు. చేయలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద సంచులు పెట్టుకుని కూర్చుని వచ్చినవాళ్లందరికీ ఉల్లిగడ్డలు పంచాను. ఊళ్లో వారం రోజులు ఎవరింటికి పోయినా కళ్లనీళ్లు పెట్టుకునే మాట్లాడారు.

మిగిలినవి మోటర్లు. పేర్లున్న మోటర్లు. నా టీవీయస్ బండి వెనక గోనెసంచి చుట్టి, సైకిలు ట్యూబుతో బిగించి, ఒక్కొక్కటే తీసుకుపోవడం మొదలుపెట్టాను. ఒకాయన పోయి ఏళ్లయింది, కొడుకు "స్క్రాపుకెయ్యి తాతా" అన్నాడు. వేశాను. ఒకాయన పొలంలో ఇప్పుడు పెద్ద గేటు, గేటు దగ్గర వాచ్‌మన్. ఎవరింటికి అని అడిగాడు. ఏ ఇల్లని చెప్పను, ఆయన బోరు ఉన్నచోట ఎవరిదో కారు నిలబడి ఉంది.

చివరిది కుర్మయ్యది. షామీర్‌పేట చెరువు దిక్కు అతని పొలం. ఆ మోటరు సంగతి ఏమని చెప్పను. స్విచ్చి వేస్తే చెరువులో నీళ్లు వెనక్కి జరిగేవి. ఒకసారి పైపులోంచి ఒక చేప దూకి వరిమడిలో పడి, ఇది ఏ ఊరని నన్నే అడిగింది. ఇప్పుడు కుర్మయ్య మేడ్చల్‌లో కొడుకుతో అపార్ట్‌మెంటులో ఉంటున్నాడు. పొలం అమ్మి కొన్న ఇల్లు.

లిఫ్టులో మోటరు, మోటరు పక్కన నేను. కుర్మయ్య తలుపు తీసి మొదట నన్ను కాదు, దాన్ని చూశాడు. తెల్ల పెయింటులో తన పేరు మీద చేయి పెట్టాడు.

"బాగైందా సత్తెన్నా?"

"ఎప్పుడో బాగైంది. నువ్వే రాకపోతివి కుర్మన్నా."

"తిరుగుతదా?"

"నీళ్లుంటె తిరుగుతది."

కోడలు మంచినీళ్లు తెచ్చి, మోటరును, నన్ను మార్చి మార్చి చూసింది. "గిది ఏడ పెట్టాలె కాకా? నిన్ననే ఇల్లంత సదిరిన" అంది. ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు గనక నేనే దాన్ని మోసుకుపోయి బాల్కనీలో మూలకు పెట్టాను. కుర్మయ్య నా వెంట వచ్చి రెండు కుర్చీలు వేశాడు. కింద మేడ్చల్ రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

"బాగైందని నాకు తెలుసు" అన్నాడు రోడ్డు దిక్కే చూస్తూ. "మీ దిక్కొచ్చినప్పుడల్లా గల్లీ దాక వచ్చి మళ్లిపోయిన. మోటరు రిపేరుల ఉన్నదనుకుంటె ఇంక ఎవుసం ఉన్నట్టే ఉండె. తెచ్చుకుంటె అయిపాయె."

"మరి తీస్కపోవాల్నా?"

"వద్దు. ఇన్నేండ్ల సంది గంగవ్వ కాళ్లకు అడ్డం వడ్డది, సాలు. ఎట్లున్నది గంగవ్వ?"

చెప్పడానికి కథ సిద్ధంగానే ఉంది. కీసరలో బిడ్డ కొత్త ఇల్లు కట్టిందనీ, గంగ లేకుంటే మేస్త్రీలు ఇటుక పెట్టేది లేదన్నారనీ. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఇంట్ల జాగ లేదని పోయింది."

"ఇప్పుడైంది గద. పోయి తోలుకరా."

"పిలిస్తె రాకపోతె?"

కుర్మయ్య లోపలికి తిరిగి చూశాడు. నున్నటి బండలు, గోడకు ఆనించిన సోఫా, మధ్యలో ఏమీ లేదు. అతని భార్య దుర్గాబాయి ఆ ఇంట్లోకి వచ్చిన ఏడాదికే పోయింది.

"చూసినవా ఎంత జాగనో" అన్నాడు. "దుర్గ పోయిన కాణ్ణుంచి ఎటు నడిచినా ఏది తాకది."

ఇంటికొచ్చి ముందుగదిలో నిలబడ్డాను. గోడ మీద మోటర్లు ఆనించిన చోటల్లా నూనె మరకలు మనిషి భుజాల ఎత్తున ఉన్నాయి. సున్నం తెచ్చి వేశాను. రెండు చేతులు వేసినా మరకలు పైకి తేలుతుంటే మూడో చేయి వేశాను. బండలు కడిగాను. కడిగిన గదిలో దగ్గితే ఆ దగ్గు గోడకు తగిలి నా దగ్గరికే వచ్చింది. ఫోన్ చేసి ఈసారి అమ్మకియ్యమని అనలేదు.

"రెబెక్కా, ఇల్లు ఖాళీ అయిందని చెప్పు. వచ్చి చూడమను."

రెబెక్కా పోయి, వచ్చి, "చూసిపోతదంట" అంది.

వస్తదంట అనలేదు. నేను మళ్లీ అడగలేదు.

అప్పటికి ఎండలు విరుగుతున్నాయి. మధ్యాహ్నాలు మబ్బు పట్టి, రెండు చినుకులు రాల్చి పోయేది. అట్లాంటి ఒక పూట గంగ బస్సు దిగి వచ్చింది. నేను మొదట ఆమె చేతులు చూశాను. సంచి లేదు. చిన్న పర్సు ఒక్కటే ఉంది.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ముందుగది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. నేను ఆమె వెనక, బడిలో పంతులు ముందు పలక పట్టుకుని నిలబడినట్టు నిలబడ్డాను.

"సున్నం గిట్లనా ఏసేది?" అంది. "గోడకు పట్టింది సగం, బండలకు పట్టింది సగం."

"బండలు గూడ తెల్లగుండాలని."

ఆమె నడిమిగది, వంటిల్లు, పెరడు తిరిగింది. తిరిగొచ్చి, "కత్తెరేది?" అంది. మేకు మీంచి తీసి ఇచ్చాను. "సూదిదారం?" గూట్లోంచి ఇచ్చాను. "అగ్గిపెట్టె?" పొయ్యి పక్కన చూపించాను. ఇంకేమడగాలో తోచక కాసేపు నిలబడి, "నా పాత చెప్పులు?" అంది. తలుపు వెనక జతగా ఉన్నాయి. అట్లా చూసింది నా వైపు, పరాయివాణ్ణి చూసినట్టు.

తర్వాత గది మధ్యలో కూర్చుంది. ఒక్క నిమిషముండి లేచి కిటికీ కిందికి జరిగింది. అక్కడా బాగోలేదు. చివరికి గుమ్మానికి లోపలి వైపు, తలుపు వారగా గోడకు వీపు ఆనించి కాళ్లు చాపుకుంది. చెరువు దిక్కు నుంచి వచ్చే గాలి గుమ్మంలోంచి సూటిగా ఆమెకే తగులుతోంది.

"పెండ్లైన కొత్తల ఈడనే కూసునేదాన్ని" అంది. "నువ్వు పనికి పోయి వచ్చేటిది ఈడికెల్లి కనవడేది."

నేను చాయ పెట్టడానికి పోయాను. తెచ్చేసరికి ఆమెకు కునుకు పట్టింది. తల కొంచెం పక్కకు వాలి, నోరు కొంచెం తెరుచుకుని, అరికాళ్లు నా వైపు ఉన్నాయి. మడమలు పగిలి ఉన్నాయి. చాయ గ్లాసులు రెండూ కింద పెట్టి ఎదురుగోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ గదిలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చోవడం ఎప్పటి మాటో. ఎదురింట్లోంచి సుచిత్ర తొంగిచూసి, వేలు నోటి మీద పెట్టుకుని, చప్పుడు కాకుండా వెనక్కి పోయింది.

గంగ లేచేసరికి నీడలు గల్లీ దాటాయి. చల్లారిన చాయే తాగింది. మొకం కడుక్కుంది. అద్దం ముందు నిలబడి పాపిట తీసుకుంది, వంగాల్సిన పని లేకుండా. నా వైపు తిరగకుండానే అడిగింది.

"కీసర బస్సు ఎప్పుడున్నది?"

నా నోట్లో ఎన్ని కథలు తిరిగాయో నాకే తెలుసు. షామీర్‌పేట దగ్గర బస్సు కింద బర్రె పడుకుని లేవనంటోందని చెప్పొచ్చు. డ్రైవరుకు పెండ్లిచూపులున్నాయని చెప్పొచ్చు. ఈ వేళ బస్సే లేదని చెబితే సరిపోయేది, ఆమెకు తెలిసేదారి లేదు. బతుకంతా అక్కరలేని అబద్ధాలాడినవాణ్ణి. అక్కరున్నది ఒక్కటి ఆడటానికి నాలుక లేవలేదు.

"ఐదింటికి ఉన్నది" అన్నాను. "ఇప్పుడే బయలెల్లితె దొరుకుతది."

"సరే" అంది.

నేనే బండి తీశాను. ఆమె వెనక కూర్చుని నా భుజం పట్టుకుంది. బస్సు స్టేజీ దాకా మెల్లగా నడిపాను, అంతకన్నా మెల్లగా నడిపితే బండి పడిపోతుంది. దారికి ఆ పక్కా ఈ పక్కా ప్లాట్ల హద్దురాళ్లు తెల్లగా కనిపిస్తున్నాయి. ఒకప్పుడు ఆ దారిన పోతుంటే ఏ బోరు ఎవరిదో చప్పుడును బట్టి చెప్పేవాణ్ణి.

స్టేజీలో మేం తప్ప ఎవరూ లేరు. గంగ పర్సు తెరిచి ఆధార్ కార్డు చేతిలో పట్టుకుంది. ఆడవాళ్లకు టికెట్టు లేకుండా అయినప్పటినుంచి ఆ రూట్లో బస్సులో కాలు పెట్టే సందుండదు. సీటు దొరికిందంటే ఊళ్లో చెప్పుకుంటారు.

"గ్లాసులు కడుగుతున్నవా రోజు?" అంది.

"కడుగుతున్న."

"అన్నం?"

"వండుకుంటున్న. ఒక్కనికి వండుడు కష్టమే. కొంచెం పెడితె మాడుతది, ఎక్కువ పెడితె మిగులుతది."

"ఊఁ" అంది.

బస్సు వచ్చింది. మా ముందే ఆగింది, తలుపు సరిగ్గా గంగకు ఎదురుగా. కండక్టరు చిన్నమ్మాయి, మెట్టు మీద నిలబడి, "ఎక్కుతరా అవ్వా?" అంది. గంగ ఒక చేత్తో కడ్డీ పట్టుకుంది. కాలు ఎత్తలేదు. మెడ చాపి లోపలికి చూసింది. ముందునుంచి వెనకదాకా నిదానంగా చూసింది.

"ఫుల్లున్నది" అంది. "నిలవడి పోవుడు నాతోని కాదు. నువ్వు పో బిడ్డా."

కండక్టరు వెనక్కి తిరిగి బస్సులోకి చూసుకుంది. తర్వాత మా ఇద్దరినీ చూసింది. ఏమనుకుందో, రైట్ అంది.

బస్సు కదిలి మా ముందునుంచి పోయింది. డ్రైవరు వెనక ఒక ముసలామె, చివరి సీట్లో నిద్రపోతున్న ఒకాయన. మిగతా సీట్లన్నీ ఖాళీ. కిటికీల్లోంచి అవతలి పక్క మబ్బు కనిపిస్తోంది.

గంగ కార్డు పర్సులో పెట్టుకుని జిప్పు లాగింది.

"చూసినవ్ గద, ఎంత మందున్నరో" అంది.

"చూసిన" అన్నాను, బండి తిప్పుతూ. "మీదికెక్కి గూడ కూసున్నరు."